తన జబ్బు తన నోటితో

పెనం మీద జొన్నరొట్టె తిరగేస్తుండగా త్రివేణికి చీర వెనక తడి తగిలింది. "వాసనేందే? ఎన్కకు వోయి కడుక్కొని రారాదు," అంది అత్త ముత్తవ్వ, రెంజల్ నుంచి వచ్చిన చుట్టాల ముందే. త్రివేణి కదల్లేదు. మిగిలిన ఆరు రొట్టెలూ కాల్చి, అందరికీ వడ్డించి, అప్పుడు వెళ్లింది.

ఆరేళ్లుగా ఇదే తీరు. పేగులకు పుండ్లు పడే క్రోన్స్ జబ్బు ఆమెది. మలద్వారం పక్కన రెండు రంధ్రాలు పడి చీము కారేది. ఆపరేషన్లు చేసినా మానలేదు. పొద్దున్నే లేచి గుడ్డలు ఉతుక్కుని, వంట చేసి, బోధన్ బడిలో లెక్కలు చెప్పడానికి పరుగెత్తేది. భర్త భాస్కర్ మంచివాడని అందరూ అంటారు. "ఎవలకు చెప్పకు, ఇజ్జత్ పోతది," అన్న మాట తప్ప ఆయన ఆ జబ్బుకు చేసిందేమీ లేదు.

హైదరాబాదులో మూలకణాలతో కొత్త చికిత్సను పరీక్షిస్తున్నారని, వారం పాటు అక్కడ ఉండాల్సి వస్తుందని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు.

"వారం రోజులు వంట ఎవలు జేస్తరు?" అన్నాడు భాస్కర్.

"మీకు చేతులున్నయి గదా," అంది త్రివేణి. తనే టికెట్ తీసింది. ఆయన వెంట వచ్చాడు.

"ఏమిటి బాధ?" అని అక్కడి డాక్టరమ్మ అడగగానే భాస్కరే అందుకున్నాడు. "జర కడుపు గడబిడ, మేడం."

"కడుపు కాదు," అంది త్రివేణి. ఎక్కడ, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని గుడ్డలు, మొగుడి పక్కన పడుకుని ఎన్నేళ్లయింది, అన్నీ చెప్పింది. భాస్కర్ నేల చూశాడు. ఆమెకు మాత్రం సిగ్గు వేయలేదు. ఇంత తేలిగ్గా చెప్పగలిగే సంగతిని ఆరేళ్లు ఎందుకు మోశానా అనిపించింది.

"ఆరోగ్యవంతుల కొవ్వులోంచి తీసి పెంచిన కణాలను రంధ్రాల చుట్టూ సూదితో ఎక్కిస్తాం. కొందరికి మానాయి, కొందరికి మానలేదు. ఇది ఇంకా ప్రయోగమే. మాట ఇవ్వలేను," అంది డాక్టరమ్మ.

"ఇంట్ల అడిగి చెప్తం," అన్నాడు భాస్కర్.

త్రివేణి అంగీకార పత్రం పదకొండు పేజీలూ చదివి, మూడు ప్రశ్నలు అడిగి, సంతకం పెట్టింది.

కణాలు ఎక్కించిన ఏడు నెలలకు ఒక రంధ్రం పూర్తిగా మూసుకుంది. రెండోది ఇంకా చెమరుస్తూనే ఉంది. ఆ వారమే నిజామాబాద్‌లో పేగు జబ్బుల ఆడవాళ్ల సమావేశంలో మాట్లాడమని పిలిచారు. భాస్కర్ వద్దన్నాడు. ఆమె వెళ్లింది.

హాలు నిండా ఆడవాళ్లు. కొందరు గోడవారగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. త్రివేణి మైకు అందుకుంది.

"నా పేరు త్రివేణి. నాకు మలద్వారం పక్కన పుండున్నది. కూసునుడు కష్టమైనోళ్లు నిలవడే ఇనుండ్రి. ఎవ్వలూ ఏమనుకోరు."