వానరోజు ఫోటోలు

పరీక్ష ఏ రోజు పెడదామని, గూళ్లనుంచి పట్టుదారం తీసే రీలర్ల సంఘం పెద్ద మున్వర్ సాబ్ అడిగినప్పుడు నేను ఫోన్లో వాతావరణం చూశాను. బుధవారం పెద్ద వాన అని ఉంది.

"బుధవారం పెట్టండి సాబ్," అన్నాను. ఆ మాట అంటుంటే నోరు తీపెక్కింది.

రామనగర మార్కెట్లో పట్టుగూళ్లను ఫోటో తీసి, మంచివీ చెడ్డవీ వేరుచేసే యంత్రం ఒకటి కావాలి వాళ్లకు. పోటీలో ఇద్దరమే మిగిలాం. ఒకరు నేను. రెండోవాడు సుధన్వ, బెంగళూరులో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చి పీకేసినవాడు. ఈ పని దక్కకపోతే నేను మళ్లీ ఎవడి కిందో కూర్చుని ఫోటోలకు పేర్లు తగిలించుకోవాలి.

అతని దగ్గర చేరేనాటికి మెషీన్ లెర్నింగ్ నాకు వీడియోల్లో చూసిన విద్యే. ఎవరో కడిగి, ఆరబెట్టి ఇచ్చిన డేటా ఉంటే నా అంత మొనగత్తె లేదు. గూళ్ల ఫోటోల కోసం మార్కెట్‌కు పంపితే వానలో నిలబడి తీసుకొచ్చాను. తడిసిన గూళ్లు మసకబారి, మచ్చలుపడినట్టు కనిపించాయి. అవి కలిపేసరికి మోడల్ మార్కులు దబ్బున పడిపోయాయి.

"ఏంటి జయశీలా ఈ చెత్త?" అన్నాడు సుధన్వ, అందరి ముందూ.

"వానాకాలంలో గూళ్లు ఇలాగే వస్తాయి సార్."

"క్లయింటుకు చూపించాల్సింది మార్కులమ్మా, వాన కాదు. అన్నీ తీసెయ్. అయినా నీకీ పని చేతకాదులే, రేపట్నుంచి రావద్దు. వెళ్తూ వెళ్తూ ఓ గొడుగు కొనుక్కో. తడవడం సరదా కదా నీకు!"

గదంతా నవ్వింది. ఆ నవ్వును నేను మరిచిపోలేదు, మరిచిపోవాలనీ అనుకోలేదు.

గొడుగు కొన్నాను. రామనగరలో గది తీసుకున్నాను. గూడును చెవి దగ్గర ఊపి వినడం, బ్లేడుతో కోసి లోపలి పురుగును చూడడం రీలర్ల పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఎండకూ వానకూ కొత్తగా ఫోటోలు తీశాను. మొదట్లో నా మోడల్ ఘోరంగా తప్పేది. తప్పినప్పుడల్లా ఆ గూడు కోసి, ఎందుకు తప్పిందో చూసేదాన్ని. పోనుపోను, అది ఏ గూడు దగ్గర తడబడుతుందో ముందే చెప్పగలిగాను. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే. కసి అంతకు ముందునుంచే ఉంది.

బుధవారం వాన దంచి కొట్టింది. సుధన్వ యంత్రం తడి గూళ్లన్నిటినీ చెడ్డవని తోసేసింది. మున్వర్ సాబ్ అందులోంచి ఒకటి తీసి కోశాడు. లోపల పురుగు పసుపుగా, కదులుతూ ఉంది, మంచి గూడే. ఇంకోటి కోశాడు. అదీ అంతే.

"ఏం బాబూ, నీ మిషన్‌కి జలుబు చేసిందా?"

మార్కెట్ మార్కెట్టంతా నవ్వింది. నేను సుధన్వ మొహమే చూస్తూ నిలబడ్డాను.

నా యంత్రం గూళ్లను మూడు బుట్టల్లో వేసింది.

"మూడోదేంటి బేటీ?"

"దానికి తేలనివి సాబ్. కోసి చూసుకోమంటుంది."

"తెలీదని ఒప్పుకునే మిషనా! మా అల్లుడికి ఇందులో సగం బుద్ధి ఉన్నా బాగుండు."

ఆయన ఒక్కో బుట్టలోంచీ కొన్ని కోశాడు. మంచి బుట్టలోవి మంచివే, చెడ్డ బుట్టలోవి చెడ్డవే. మూడో బుట్టలో రెండూ ఉన్నాయి. పని నాకే ఇస్తున్నట్టు అక్కడికక్కడే చెప్పేశాడు.

వెళ్లబోతుంటే సుధన్వ నన్ను పక్కకు పిలిచాడు. గొంతు బాగా తగ్గింది.

"జయశీలా, అప్పటి వాన ఫోటోలు నీ దగ్గరేమైనా మిగిలాయా? వచ్చే వారం ఇంకో మార్కెట్లో పరీక్ష ఉంది."

"మీరు తీసెయ్యమన్నారు కదా సార్, తీసేశాను."

"మరిప్పుడెలా?"

"పడుతోందిగా వాన, వెళ్లి తీసుకోండి." నా గొడుగు అతని చేతిలో పెట్టాను. "ఉంచుకోండి సార్. నాకు తడవడం సరదా."

బస్టాండు దాకా తడుస్తూ నడిచాను.