పక్కవాటా వైర్‌లెస్

రెండువేల ఎనిమిది డిసెంబరులో గుడివాడలో రాధాకృష్ణమూర్తి కాలేజీ మెట్ల మీంచి జారిపడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఆ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. జన్మలో ఒక్క పాఠమూ చెప్పి ఎరగడు గాని, భార్య వేదవతి హైస్కూల్లో సైన్సు టీచరు కావడంతో వీధివాళ్ళు ఆయన్ని కూడా మాస్టారూ అనే పిలిచేవాళ్ళు. డాక్టరు తొడదాకా కట్టు వేసి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు.

కాలు విరిగినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. ఇప్పుడే విరగాలా అని బాధపడ్డాడు. ఆ నెల ఆఖరి శనివారం సాయంత్రం నాలుగున్నరకి మద్రాసులో ఆయన చెల్లెలు విజయకుమారి వీణ కచేరీ ఉంది. విజయకుమారి బందరులో పాతికేళ్ళుగా పిల్లలకి వీణ నేర్పుతోంది. మద్రాసు సంగీత సభ వాళ్ళు ఆమెని పిలవడం యాభైనాలుగో ఏట ఇదే మొదలు.

నిజానికి ఆమె పందొమ్మిదో ఏటనే మద్రాసు వెళ్ళవలసింది. సంగీత కళాశాలలో సీటొచ్చింది. తండ్రి లేని ఇంట్లో పెద్దవాడు రాధాకృష్ణమూర్తే. "ఆడపిల్లవి, అంతదూరం ఎందుకమ్మా" అని ఒక్కమాటతో తేల్చేశాడు. మా చెల్లెలు రాదని కళాశాలకి ఉత్తరం రాసి డబ్బాలో వేసిందీ ఆయనే. విజయకుమారి అప్పుడూ ఏమీ అనలేదు, ఆ తరువాతా అనలేదు. అనకపోవడమే ఆయనకి ఇన్నేళ్ళూ గుచ్చుకుంటూ వచ్చింది. ఈ కచేరీకి ముందు వరసలో కూర్చోవాలని రైలు టిక్కెట్టు కూడా తీసుకున్నాడు. ఇంతలో మెట్లు.

సభ వాళ్ళు కచేరీల్ని ఇంటర్నెట్ రేడియోలో వేస్తారని తెలిసి, మద్రాసులో ఉద్యోగం చేస్తున్న కూతురు శ్రావ్య ఒక పెట్టె కొరియర్లో పంపింది. చూడ్డానికి పాత ట్రాన్సిస్టరులాగే ఉంది. ముందు పెద్ద నాబ్, దాని పైన రెండు వరసల అక్షరాలు పట్టే చిన్న గాజుపలక. ఇంట్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ ఉంటే చాలు, ఏ దేశం రేడియో అయినా వినిపిస్తుందట.

ఇంట్లో ఇంటర్నెట్ లేదు. పక్కవాటాలో ఉంది.

పక్కవాటాలో ఇంటి ఓనరు జగన్మోహనరావు ఉంటాడు. ముదినేపల్లి దగ్గర చెరువుల్లో శీలావతి, బొచ్చె చేపలు పెంచే రైతు. చేపల ధరలు, వాతావరణం చూసుకోవడానికి నెట్టు పెట్టించాడు. ఆయన హాలుకీ, రాధాకృష్ణమూర్తి మంచం ఉన్న గదికీ మధ్య ఎప్పుడూ మూసి ఉండే చెక్కతలుపు ఒకటి ఉంది. రూటరు అవతలి హాల్లో టెలిఫోను స్టూలు మీద ఉంటుంది. అడగడానికి రాధాకృష్ణమూర్తి మొహమాటపడితే వేదవతే వెళ్ళి అడిగింది.

"దానిదేముందండీ టీచరుగారూ, గాలేగా! వాడుకోండి" అన్నాడు జగన్మోహనరావు. పాస్‌వర్డ్ మాత్రం నోటితో చెప్పనన్నాడు. తనే వచ్చి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నాబ్ తిప్పుతూ ఒక్కొక్క అక్షరమే ఎక్కించాడు. కాలేదు. మళ్ళీ ఎక్కించాడు. కాలేదు. మూడోసారికి చెమటలు పట్టాయి.

"మొదటి అక్షరం పెద్దదా, చిన్నదా?" అని అడిగింది వేదవతి.

జగన్మోహనరావు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పేరండీ. పెద్దక్షరమే పెట్టి ఉంటాను. చిన్నదెట్టే ధైర్యం నాకెక్కడిది?"

పెద్దక్షరం పెట్టగానే పెట్టె పలికింది. ఎక్కడిదో వయొలిన్ గదంతా నిండింది. రాధాకృష్ణమూర్తి కళ్ళు మూసుకుని తల ఊపాడు.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా పాడింది. అయిదో రోజు, గురువారం మధ్యాహ్నం, పాట మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. పలక మీద నెట్‌వర్క్ దొరకలేదని అక్షరాలు వచ్చాయి.

శ్రావ్యకి ఫోను చేశారు. పెట్టె, రూటరు రెండూ ఆపేసి ముప్ఫై లెక్కపెట్టి మళ్ళీ వెయ్యమంది. వేదవతి పక్కవాటాకి వెళ్ళి రూటరు ఆపింది. రాధాకృష్ణమూర్తి మంచం మీంచి గట్టిగా లెక్కపెట్టాడు. ఇరవైకే వేసిందని ఆయన, లేదు ముప్ఫైకే వేశానని ఆవిడ తలుపుకి ఇటొకరు అటొకరు వాదించుకున్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. పెట్టె పలకలేదు. పెట్టె కంపెనీకి ఫోను చేస్తే మీ రూటరు చూపించుకోండి అన్నారు. రూటరు అమ్మిన కొట్టువాడు మీ పెట్టె చూపించుకోండి అన్నాడు.

టెలిఫోను లైన్‌మన్ శోభనాద్రి వచ్చి, స్తంభమెక్కి దిగి, రూటరు మీద దీపాలన్నీ చూశాడు. "లైను అద్దంలా ఉందండీ. తీగ ఉన్నంతవరకూ పూచీ నాది. తీగ దాటి గాల్లోకి పోయాక అదెటు పోతుందో నాకేం తెలుసు?" అని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

రాధాకృష్ణమూర్తికి ఒక అనుమానం పట్టుకుంది. "ఆయనే ఆపేశాడేమో వేదా. రోజల్లా రాగాలు విని విసుగెత్తి ఉంటుంది."

"అట్లాంటి మనిషి కాదండీ."

"మరి పలకదేం?"

వేదవతి రూళ్ళ నోటుపుస్తకం తీసింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, పెట్టె ఎక్కడ ఉంది, పలికిందా లేదా అని గీతలు గీసి గళ్ళు చేసింది. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని పదో తరగతి పిల్లలకి చెప్పినట్టే మొగుడికీ చెప్పింది. పెట్టెని కిటికీలో పెట్టింది, బీరువా మీద పెట్టింది, వంటింట్లో పెట్టింది. ఇంట్లో ఎక్కడా పలకలేదు. వీధి వరండాలో మాత్రం అప్పుడప్పుడు రెండు ముక్కలు పలికి ఊరుకుంది. కట్టుకాలుతో రాధాకృష్ణమూర్తి వరండాలో రెండు గంటలు కూర్చోలేడు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆవిడ బట్టలు ఆరేస్తుంటే, "వచ్చింది! వేదా, వచ్చింది!" అని లోపల్నించి కేక. పరుగెత్తుకొచ్చేసరికి మృదంగం మోగుతోంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. పదింటికి మళ్ళీ పోయింది. వేదవతి ఆ గడి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది.

"ఆదివారం కదా, ఊళ్ళో వాడేవాళ్ళు తక్కువ" అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"తక్కువైతే రోజల్లా రావాలి గదండీ. తొమ్మిది నించి పది దాకానే ఎందుకొచ్చినట్టు?"

ఆ గంటలో పక్కవాటాలో ఏం జరిగిందో కనుక్కుందామని వెళ్ళింది. జగన్మోహనరావు భార్య సరోజిని హాలు తుడుస్తోంది. నేలంతా తడి.

"ఏం చెప్పమంటారు వదినగారూ! ఈయన తెచ్చిన తొట్టి చూశారా? ఈశాన్యంలో నీళ్ళుండాలని ఎవరో చెప్పారంట. వారానికోసారి సగం నీళ్ళు తోడి మళ్ళీ పొయ్యాలి. తోడేది ఆయన, తుడిచేది నేను."

రూటరు ఆపడానికి వచ్చినప్పుడు దాని మీది దీపాలే చూసిన వేదవతి, వెనకున్నదాన్ని ఇప్పుడు చూసింది. మధ్యతలుపుకి ఆనించి ఆరడుగుల గాజుతొట్టి, నిండా నీళ్ళు, అందులో ఎర్రచేపలు. దాని ఇవతల స్టూలు మీద రూటరు.

"ఇది ఎప్పుడొచ్చిందండీ?"

"మొన్న గురువారం మధ్యాహ్నం. నలుగురు మోసుకొచ్చారు."

వేదవతి అక్కడే తడినేల మీద నిలబడి గట్టిగా నవ్వింది. ట్రాన్సిస్టరంత పెట్టె కోసం స్తంభాలెక్కించింది, దేశం మీది కంపెనీలకి ఫోన్లు చేసింది, కళ్ళెదుట ఉన్న తొట్టిని పట్టించుకోలేదు.

విషయం వినగానే జగన్మోహనరావు నొచ్చుకున్నాడు. "ఏంటండీ, నా చేపలు మీ సంగీతాన్ని మింగేస్తున్నాయా?"

"చేపలు కాదండీ, నీళ్ళు. ఈ రకం తరంగాల్ని నీళ్ళు పీల్చేసుకుంటాయి. మైక్రోవేవ్ పొయ్యిలోనూ ఇదే జాతి తరంగాలు. వాటిని పీల్చుకునే కూరలో నీళ్ళు వేడెక్కుతాయి."

జగన్మోహనరావు మొహం తెల్లబోయింది. "అయితే నా చేపలు ఉడికిపోతున్నాయన్నమాట!"

అంత శక్తి రూటరుకి లేదని ఆవిడ ఎంత చెప్పినా ఆయనకి గురి కుదరలేదు. తొట్టిలో వేలు ముంచి చూశాడు. భార్య చేత కూడా వేలు పెట్టించాడు. తరువాత, తనకి తెలియని సంగతి ఏదయినా తేల్చుకునేదాకా నిద్రపట్టని మనిషి కాబట్టి, పరీక్ష పెడదామన్నాడు. ఆయన బకెట్టుతో నీళ్ళు తోడుతుంటే వేదవతి లెక్క రాసింది. తలుపవతల రాధాకృష్ణమూర్తి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండో బకెట్టుకి "ఏదో గురగుర" అన్నాడు. పద్నాలుగుకి "వచ్చింది!" అన్నాడు. రెండు బకెట్లు తిరిగి పోస్తే "పోయింది!" అన్నాడు. జగన్మోహనరావు పిల్లాడిలా సంబరపడి, పోస్తూ తోడుతూ ఇంకో నాలుగుసార్లు చేశాడు. సరోజిని గుడ్డ అక్కడ పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

రూటరుని గోడ మీద ఎత్తుగా బిగిస్తే సరిపోతుంది, గాని టెలిఫోను తీగ అంతదూరం అందదు. శోభనాద్రిని అడిగితే కొత్త తీగ రావడానికి వారం పైనే పడుతుందన్నాడు. కచేరీ శనివారం. "దానికేం, శనివారం మూడున్నరకల్లా సగం తోడేస్తాను. మీ చెల్లెలుగారి వీణ దిగ్విజయంగా వినండి" అని జగన్మోహనరావు మాటిచ్చాడు.

మాట ప్రకారమే శనివారం మూడున్నరకి లుంగీ ఎగగట్టి పద్నాలుగు బకెట్లూ తోడాడు. నాలుగుకి పెట్టె పలికింది. మద్రాసు హాల్లో జనం కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తోంది. వీధిలోని నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. శోభనాద్రి కూడా, దారిన పోతూ ఆగినట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

నాలుగూ ఇరవైకి కరెంటు పోయింది.

పెట్టె ఆరిపోయింది. రాధాకృష్ణమూర్తి గోడవైపు తిరిగాడు. "నాకిది రాసిపెట్టి లేదు వేదా. అప్పుడు చెల్లెల్ని నేను వెళ్ళనివ్వలేదు, ఇప్పుడు నన్ను విననివ్వడంలేదు."

తలుపవతల్నించి జగన్మోహనరావు అరిచాడు. "మాస్టారూ! నా దగ్గర ఇన్వర్టరుంది. చేపలకి గాలిమోటారు కోసం పెట్టించాను. రూటరు దీపాలు వెలుగుతానే ఉన్నాయి. మీ పెట్టె పట్టుకొచ్చెయ్యండి!"

"పెట్టె తెస్తారు, మరి నేనో?"

"మిమ్మల్ని కూడా తెచ్చేస్తామండీ!"

ఆయనా, శోభనాద్రీ కలిసి రాధాకృష్ణమూర్తిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. కట్టుకాలు ముందుకి ఫిరంగిలా చాచి ఉంది. దాన్ని వేదవతి రెండు చేతులా పట్టుకుంది. వీధి మెట్లు దిగి, పక్క మెట్లెక్కి, గుమ్మంలో ఒకసారి అడ్డంగా ఇరుక్కుని, వెనక్కి తీసి, వాలుగా తిప్పి మొత్తానికి హాల్లో దింపారు. సరోజిని అందరికీ చాపలు పరిచింది. వేదవతి పెట్టెని రూటరు పక్కన పెట్టి మీట నొక్కింది. ఇక్కడ మధ్యలో నీళ్ళూ లేవు, తలుపూ లేదు. క్షణంలో పలికింది.

జగన్మోహనరావు సగం ఖాళీ అయిన తొట్టికేసి, తన తడిసిన లుంగీకేసి చూసుకున్నాడు. "టీచరుగారూ, మొదటిరోజే ఇట్లా మా హాల్లో కూర్చుని ఉంటే అయిపోయేది కదండీ?"

"అయిపోయేదండీ" అని ఒప్పుకుంది వేదవతి. "ఎవరికీ తట్టలేదు. మా ఇంట్లోనే వినాలన్న పట్టు ఒకటి."

పెట్టెలోంచి ఒక గొంతు తమిళంలో ఏదో చెప్పి, చివర 'మచిలీపట్నం విజయకుమారి' అంది. హాల్లో అందరూ నిటారుగా కూర్చున్నారు. మొదటి మీటు వినబడగానే రాధాకృష్ణమూర్తి పెట్టె వైపు వంగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో బందరు ఇంట్లో వంటింటి పక్క గదిలోంచి వచ్చిన చప్పుడు అదే. అప్పుడు ఆఫీసు కాగితాలు చూసుకుంటూ తలుపేసుకునేవాడు.

గంటసేపు ఎవరూ కదల్లేదు. కల్యాణిలో తానం ఎత్తుకోబోతుండగా మాత్రం పెట్టె ఆగిపోయింది. అందరూ ఒక్కసారి తొట్టికేసి అనుమానంగా చూశారు. "దాని తప్పేం లేదు, మద్రాసు నించే ఆలస్యంగా వస్తోంది, ఆగండి" అంది వేదవతి. రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. అప్పటికి తానం మొదలయిపోయింది.

కచేరీ అయ్యాక అరగంటకి జగన్మోహనరావు ఇంటి ఫోను మోగింది. శ్రావ్య సెల్లు తీసుకుని విజయకుమారి మాట్లాడుతోంది.

"అన్నయ్యా, వినిపించిందా?"

"అంతా విన్నానమ్మా. కల్యాణిలో మాత్రం తానం మొదలు రెండు నిమిషాలు పోయింది."

అవతల విజయకుమారి నవ్వింది. "మంచిదయింది! అక్కడే మందరం తీగ జారింది. శ్రుతి చేసుకునేసరికి చెమటలు పట్టాయి. హాలంతా విన్నారు, నువ్వొక్కడివే వినలేదు."

రాధాకృష్ణమూర్తి కూడా నవ్వాడు. తరువాత రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాడు. "విజయా, అప్పుడు నేను కళాశాలకి రాసిన ఉత్తరం..."

"ఇప్పుడెందుకన్నయ్యా అది. కాలెట్లా ఉంది?"

"కాలు సంగతి కాదమ్మా, చెప్పనీ. తప్పు నాదే. ముప్ఫై అయిదేళ్ళయినా నాదే."

అవతలనించి ఆమె ఏదో చెప్పబోయేసరికి కరెంటొచ్చింది. హాల్లో టీవీ, వీధిలో టీవీలన్నీ ఒక్కసారి అరిచాయి. సరోజిని టీవీ ఆపడానికి పరుగెత్తింది. చెల్లెలి మాటలు సగం అందాయి, సగం అందలేదు. రాధాకృష్ణమూర్తి రిసీవరు చెవికి అదిమిపెట్టుకుని, చెంపలు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, "ఆఁ... ఆఁ... చెప్పమ్మా" అంటూనే ఉన్నాడు.