సీసాల గదిలో అన్నయ్య

చల్లగా ఉంది సీసా మెడ.

ఆ గదిలో అన్నీ చల్లగానే ఉంటాయి — గోడ, గచ్చు, గాలి. ఎండ ఎప్పుడూ తొంగి చూడని గది. బయట వాన పడుతుంటే లోపల సీసాలు పక్కకి తిరిగి పడుకుని ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి, పసిపిల్లల్లా.

ఆమె వాటిని లేపదు.

ముట్టుకుని చూస్తుంది, అంతే.

ఆమె పళ్ళ డాక్టరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ నోళ్ళలోకి తొంగి చూడటం ఆమె పని. చేతులకి లవంగ నూనె వాసన. ఎంత కడిగినా పోదు.

వైన్ ఆమె జీవితంలోకి ఆలస్యంగా వచ్చింది. తోటి డాక్టర్ల విందులో ఎవరో చేతికి గ్లాసు అందించారు. ఆమె దాన్ని మంచినీళ్ళ గ్లాసులా గుప్పిట పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కాడ పట్టుకుని తిప్పుతున్నారు. ముక్కు దించి వాసన చూస్తున్నారు. కళ్ళు మూసుకుని ఏవేవో పళ్ళ పేర్లు, పూల పేర్లు చెబుతున్నారు. మీకేం తెలుస్తోంది అని ఆమెని అడిగారు.

"వానకి నానిన చెక్క" అంది ఆమె. తోచింది తోచినట్టు.

ఒక పెద్దాయన తల తిప్పి చూశాడు. "ముక్కు గట్టిదమ్మా నీది. ఎక్కడ నేర్చుకున్నావ్?"

ఆమె నవ్వింది. చెప్పలేదు.

ఎక్కడ నేర్చుకుందంటే —

చిన్నప్పుడు, వాకిట్లో, అమ్మ తలుపు తీయకముందు. అన్నయ్య తూలుతూ వచ్చి, వంగి, ఆమె ముఖం మీద ఊదేవాడు. "చిన్నీ, వస్తోందా?"

వచ్చేది.

గౌను జేబులోంచి లవంగం తీసి ఇచ్చేది. నమిలి మళ్ళీ ఊదేవాడు. "ఇప్పుడు?"

ఇప్పుడూ వచ్చేది. "రావట్లేదు" అనేది. అమ్మతోనూ అదే మాట. అమ్మ నమ్మినట్టే ఉండేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకునేదేమో.

ఆ అన్నయ్య మానేశాడు. వదిన విడిచి వెళ్ళాక, అమ్మ పోయాక, ఇక అడిగేవాళ్ళెవరూ మిగలని రోజుల్లో — తనంతట తనే మానేశాడు. ఇప్పుడు సిటీ బస్సు నడుపుతాడు. కుదుపు లేకుండా నడుపుతాడని ముసలివాళ్ళు అతని బస్సు కోసం ఆగుతారట.

ఆమె అన్నయ్యకి వైన్ సంగతి చెప్పలేదు.

ఆ ఇంటి ఆడపిల్ల సీసాలు పోగుచేస్తోందని ఏ నోటితో చెబుతుంది?

కానీ పోగుచేసింది. వైన్ అంగడిలో ఉన్న నడివయసు ఆవిడ ఆమె తడబాటు చూసి దగ్గరికి వచ్చింది. "కొత్తగా మొదలుపెడుతున్నారా? అయితే పేరు చూడకండి, సీసా అందం చూడకండి. నచ్చింది రెండు కొనుక్కోండి. ఒకటి తాగండి, ఒకటి దాచండి. తాగింది ఎలా ఉందో గుర్తుంటేనే కదా దాచినదాంతో పోల్చుకునేది." పడుకోబెట్టమంది. నిలబెడితే బిరడా ఎండి గాలి దూరుతుందట. వెలుతురు తగలకూడదు. కదపకూడదు. తలుపు దాకా వచ్చి ఇంకో మాట చెప్పింది. "అన్నీ దాస్తే బాగుపడవండోయ్. కొన్నే. మిగతావి దాచిన కొద్దీ పాడవుతాయి."

ఏవి ఏవో ఆమెకి తెలిసేది కాదు.

అన్నీ దాచింది.

మెల్లమెల్లగా గది నిండింది. క్లినిక్ నుంచి రాగానే చెప్పులు విడిచి, దీపం వేయకుండా లోపలికి వెళ్ళి నిలబడేది. ఇది నాది — అనుకునేది. ఎవరూ తూలని, ఎవరూ ఏడవని, మూత తీయని మత్తు. దాన్ని చూస్తే భయం వేయకపోవడమే ఆమెకి గొప్పగా ఉండేది.

అప్పుడు అన్నయ్య మోకాలికి ఆపరేషన్ అయింది.

"మా ఇంటికి వచ్చెయ్యి" అంది ఫోనులో, ఇంకో ఆలోచన లేకుండా. ఫోను పెట్టాక ఆలోచన వచ్చింది. ఇంట్లో ఎవరూ పడుకోని గది ఆ సీసాల గది ఒక్కటే.

"సీసాలు మన గదిలోకి తెచ్చేద్దాం" అన్నాడు భర్త.

"మన గదిలోకి ఎండొస్తుందండీ. పాడైపోతాయి."

అనేసింది. సీసాకి ఎండ తగులుతుందని ఆలోచించింది. మనిషికి ఏం తగులుతుందో ఆలోచించలేదు.

ఆ గదిలోనే ఉన్న చెక్క బీరువాలో వాటిని పేర్చింది. బీరువాకి తాళం వేసింది. కొత్త తాళం, పచ్చగా మెరుస్తూ.

అన్నయ్య చేతికర్రతో వచ్చాడు. గదంతా చూశాడు. తాళం చూశాడు. తన ఖాకీ చొక్కా విప్పి బీరువా పిడికి తగిలించాడు — తాళం మీదుగా, అది కనపడకుండా.

ఎవరికి కనపడకుండా?

ఆమెకే.

రోజులు బాగానే గడిచాయి. పొద్దున్నే అన్నయ్య టీ పెట్టేవాడు. కుంటుకుంటూ కప్పు తెచ్చి ఆమె చేతికి ఇచ్చేవాడు. "డాక్టరమ్మకి డ్రైవరు సేవలు" అనేవాడు. బస్సులో జనం కబుర్లు చెప్పేవాడు. ఇంట్లో నవ్వు వినిపించేది.

భర్త పని మీద ఊరెళ్ళిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నయ్య మోకాలి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళి ఉండగా, ఆమె చొక్కా పక్కకి జరిపి తాళం తీసింది.

ఒక చోట ఖాళీ.

ఆమె మొట్టమొదట కొన్న సీసా.

తాళంచెవి వంటింట్లో, టీపొడి డబ్బా వెనక ఉంటుంది. పొద్దున్నే టీ పెట్టేది ఎవరు?

ఫోను చేసి భర్తని అడగవచ్చు. ఒక్క మాట. అడగలేదు. జవాబు తెలిసిపోయిందనుకుంది. అంత తొందరగా, అంత తేలికగా... ఇన్నేళ్ళ మానడాన్ని ఒక ఖాళీ జాగా మింగేసింది.

మర్నాడు అన్నయ్యతో అంది — "పన్ను ఏమైనా ఇబ్బంది పెడుతోందా అన్నయ్యా? ఓసారి క్లినిక్కి రా, చూస్తాను."

అతని ముఖం వెలిగింది. "ఎప్పట్నుంచో సలుపుతోందే. నీకెలా తెలిసింది?"

సహాయకురాలు భోజనానికి వెళ్ళే వేళకి రమ్మంది. కుర్చీ వెనక్కి వాల్చింది. దీపం ముఖం మీదికి లాగింది. "నోరు తెరు" అంది.

తెరిచాడు. కళ్ళు మూసుకున్నాడు, నమ్మకంగా.

ఆమె వంగింది. ఇంకొంచెం వంగింది. మాస్కు గడ్డం కిందికి దించింది — ఏ రోగి దగ్గరా దించని మాస్కు.

ఊపిరి పీల్చింది.

అన్నయ్య కళ్ళు తెరిచాడు.

బయట వాన చూరు మీంచి కారుతోంది. దీపం వేడి.

తరవాత అతను ఊదాడు. మెల్లగా, పొడుగ్గా, ఆమె ముఖం మీద. వాకిట్లో ఊదినట్టే. టీ వాసన. దాని కింద పుచ్చిన పన్ను వాసన. అంతే.

"సరిపోయిందా చిన్నీ? ఇంకోసారి ఊదనా?"

గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె బతికిపోయేది.

"డిపోలో రోజూ ఊదుతాగా" అన్నాడు పైకప్పు చూస్తూ. "బండి తీసేముందు, తాగలేదని చూపించడానికి, గొట్టంలో. అక్కడేమీ అనిపించదు. అందరం ఊదుతాం కదా."

ఆమె మాస్కు పైకి లాక్కుంది. ముక్కు దాకా, ఇంకా వీలైతే కళ్ళ దాకా. "పన్ను పుచ్చింది, పీకాలి. రేపు రా" అంది. ఆ గొంతు ఎవరిదో.

ఆ సాయంత్రమే భర్త ఊరి నుంచి వచ్చాడు. ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఏదో మాటలో అతనే అన్నాడు — "అన్నట్టు, నీ బీరువాలోంచి ఒక సీసా పట్టుకెళ్ళానోయ్. అక్కడి ఆఫీసులో ఒకాయన రిటైరయ్యాడు, ఏమివ్వాలో తోచలేదు. చెప్పడం మర్చిపోయాను. మంచిదేనా అది?"

తల కొట్టేసినట్టయింది.

అన్నయ్య ముద్ద కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. తలెత్తలేదు. తలెత్తితే ఆమె ముఖం చూడాల్సి వస్తుందని — అది కూడా ఆమె కోసమే.

తప్పు చేశానని అప్పుడు చెప్పవచ్చు. అక్కడే, అన్నం ముందు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. "మంచిదే" అంది భర్తతో.

మర్నాడు అన్నయ్య రాడనుకుంది.

వచ్చాడు. చెప్పిన వేళకి, తల దువ్వుకుని, కర్ర పొడుచుకుంటూ. కుర్చీలో వాలాడు.

"మత్తు ఇంజెక్షన్ ఇస్తాను" అంది ఆమె. అన్నాక ఆ మాట ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

"ఇన్నాళ్ళకి మత్తు" అన్నాడు అన్నయ్య. "అదీ నీ చేతులమీదుగా." నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

పన్ను తేలికగా రాలేదు. వేళ్ళు లోతుగా పాతుకున్న పాత పన్ను. ఇంత నొప్పి పెట్టుకుని రోజూ నవ్వుతూ టీ కప్పు ఇచ్చాడు. పన్ను వచ్చాక దూది పెట్టి, గట్టిగా కరిచి పట్టుకోమంది. మాట్లాడొద్దంది.

మాట్లాడొద్దని చెప్పాక — అప్పుడు అంది.

"తప్పయిపోయింది అన్నయ్యా. నిన్ను... అలా చూడకూడదు. తప్పయిపోయింది."

అతను నోట్లో దూదితో చూశాడు.

జవాబు చెప్పలేని వేళ చూసి అడిగింది క్షమాపణ. ఆ వేళని తనే తయారుచేసుకుంది. ఆ సంగతి కూడా వెంటనే తెలిసింది, సిగ్గు మీద సిగ్గులా.

మిగతా రోగుల్ని సాయంత్రానికి జరిపి అన్నయ్యని తీసుకుని వీధిలోకి వచ్చింది. వాన. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో అన్నయ్య. మోకాలు వంగక అతను ఊగుతున్నాడు. కర్ర తడి మీద జారుతోంది. సగం పెదవి వేలాడుతోంది. మూలనుంచి ఎర్రగా కారి చొక్కా మీద చుక్క పడింది. చూరు కింద నిలబడ్డవాళ్ళు చూశారు, పక్కవాళ్ళకి చూపించారు.

ఆమె తల దించుకుంది. చిన్నప్పుడు ఇలాగే దించుకునేది.

వెంటనే ఎత్తింది. కానీ దించుకున్నది దించుకున్నదే.

టాక్సీ ఎక్కారు. ఎక్కడికని అడిగితే అన్నయ్యే చెప్పబోయాడు. మాట ముద్దగా, సగం తెగి వచ్చింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"పట్టపగలు ఇంత పట్టించాడేంటమ్మా? సీటు పాడైతే మీరే కడగాలి, ముందే చెబుతున్నా."

"తాగలేదు" అంది ఆమె. గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మా అన్నయ్య తాగడు."

"అందరూ అదే అంటారు లెండి" అన్నాడు డ్రైవరు, బండి కదిలిస్తూ.

ఆమె ఇంకేదో అనబోయింది. పన్ను సంగతి, సూది సంగతి, మోకాలి సంగతి... అన్నయ్య చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. వద్దన్నట్టో, ఊరికే పట్టు కోసమో. బరువైన చెయ్యి. స్టీరింగు పట్టి కాయలు కాసిన చెయ్యి.

ఆమె అతనికేసి తిరిగింది.

కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇటువైపున్నది మత్తెక్కిన చెంప. పెదవి చివర కొద్దిగా వంగి ఉంది — నవ్వో, తిమ్మిరో.

అటువైపు ముఖం వానని చూస్తోంది.