మూడు టేపుల దూరం

నేను బట్టలు కుడతాను. బాస్కెట్‌బాల్‌తో నీకేం పని అంటారా? నా కూతురితో పని. దానికి ఆటంటే పిచ్చి, ఫ్రీ త్రో అంటే మాత్రం హడల్. ఎవరూ అడ్డురారు, ఎవరూ తోయరు, గీత వెనక నిలబడి తీరిగ్గా బంతిని రింగులో వేయాలి. పరిగెత్తుతూ ఎన్నయినా వేసే పిల్ల అక్కడ నిలబడగానే బిగుసుకుపోతుంది. నెల తర్వాత పరీక్ష పెడతాననీ, పదింటికి ఏడు పడితేనే జట్టులో చోటనీ కోచ్ తేల్చి చెప్పేశాడు.

అది ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"ఏడుస్తూ కూర్చుంటే బంతి దానంతటదే వెళ్ళి పడుతుందా? పద పెరట్లోకి," అన్నాను.

వాళ్ళ నాన్న గోడకు బోర్డూ రింగూ బిగించాడు. గీత కొలిచే పని నాది. బోర్డు నుంచి పదిహేను అడుగులు, అంటే నా టేపు సరిగ్గా మూడుసార్లు. కొలిచి సుద్దతో గీశాను. నెల తిరిగేసరికి పదికి ఎనిమిది వేసేస్తోంది. నన్ను మించిన కోచ్ లేదని దుకాణానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

పరీక్ష రోజు మిషన్ ముందు నుంచి లేచి అలాగే పరిగెత్తాను, టేపు మెడలోనే ఉంది. మొదటి బంతి రింగు వెనక అంచుకు తగిలి ఎగిరిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఇక మిగిలిన ఏడూ పడాల్సిందే. పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి ఉండబట్టలేకపోయాను.

"సార్, ఒక్క నిమిషం," అంటూ కోర్టులోకి దూరి, బోర్డు కింద నుంచి టేపు పరిచాను. మూడో టేపు గీతని దాటి అరడుగు ముందుకుపోయింది.

"మీ గీతే తప్పు సార్."

"ఇరవై ఏళ్ళుగా ఈ గీత మీదే ఆడుతున్నారమ్మా. మళ్ళీ కొలవండి," అన్నాడు కోచ్ ఓపిగ్గా.

మళ్ళీ కొలుస్తుంటే నా చెయ్యి నాకే దొరికిపోయింది. టేపు పరిచిన ప్రతిసారీ అలవాటుగా రెండంగుళాలు వదులు వేస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"తప్పు నాదేనే," అన్నాను దాంతో, అందరి ముందే. "వదులు పెట్టి కొలిచి, నెలంతా నీ చేత అరడుగు ఎక్కువ దూరం నుంచి వేయించాను."

"ఇదేమన్నా చొక్కానా అమ్మా, వదులు పెట్టడానికి?" అంది నా కూతురు.

"పెరిగే పిల్లవి కదా అని అలవాటైపోయింది."

పిల్లలంతా పగలబడి నవ్వారు, అదీ నవ్వింది. గీత దాటకూడదు గానీ వెనక్కి జరగొచ్చన్నాడు కోచ్. అది అరడుగు వెనక్కి జరిగింది. వరసగా ఆరు పడ్డాయి.

ఆఖరి బంతి పట్టుకుని నా వైపు తిరిగింది. "సరిగ్గానే ఉన్నానా అమ్మా? ఓసారి కొలువు."

చెయ్యి టేపు మీదికి పోయింది. బలవంతాన ఆపుకున్నాను.

"నీకెక్కడ కుదిరితే అక్కడ నిలబడు."

అది పాదాలు అటూ ఇటూ సర్దుకుంది, ఊపిరి వదిలింది, వేసింది. బంతి రింగును ముట్టుకోకుండా దిగింది. కోచ్ దాని పేరు రాసుకుంటుంటే పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"ఈసారి ఎంత దూరం నుంచి వేశానో చూశావా?"

"చూడలేదే," అన్నాను. నిజంగానే చూడలేదు. అంతసేపూ నేను దాని ముఖమే చూస్తున్నాను.