సీటు కింది స్విచ్చి

అన్నయ్య కారు కొనడానికి ఇద్దరు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నాన్న తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరుగుతోంది కానీ స్టార్ట్ కావడం లేదు.

"బ్యాటరీ బాగానే ఉంది బావా," అన్నాడు మెకానిక్ మామయ్య, వెనక సీటుకు చెవి ఆనించి. "తాళం తిప్పగానే పెట్రోలు ట్యాంకులో మోటారు గుయ్‌మనాలి. అది నోరే మెదపట్లేదు, అచ్చం మీ పిల్లలాగే."

అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. ఓడలో పనికి వెళ్లకముందు అన్నయ్య, దొంగల భయానికి, డ్రైవరు సీటు కింద ఒక స్విచ్చి పెట్టించాడు. అది ఆపేస్తే ఆ మోటారు తిరగదు, ఇంజనుకు పెట్రోలు అందదు. మా వాకిట్లో దిగినా సరే, అది ఆపందే దిగేవాడు కాదు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు. ఇప్పుడు నేను చెబితే కారు ఈ పూటే వెళ్లిపోతుంది.

మామయ్య ఫ్యూజు మార్చి చూసి పెదవి విరిచాడు. "వైరింగంతా విప్పాల్సిందే."

"బాగయ్యాకే కబురు చేయండి," అని కొనడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నాన్న విసుక్కుంటూ మామయ్యను టీకి లోపలికి తీసుకెళ్లాడు.

నేను అన్నయ్య సీట్లో కూర్చుని, స్విచ్చి వేసి, తాళం సగమే తిప్పాను. వెనక గుయ్‌మంది. రోజూ అన్నయ్య నన్ను బడికి తీసుకెళ్లేముందు వినిపించే చప్పుడది. అది ఆగగానే "ఎక్కవే మొద్దూ" అనేవాడు.

చప్పుడు ఆగింది. తాళం వెనక్కి తిప్పి, మళ్లీ సగం తిప్పాను.