తాత్కాలికం

ఎలకలేనేమో, కానీ ఎలక వైరు కొరికితే మెషిన్ ఒకేసారి చస్తుంది గానీ ఇలా పూటకోసారి అలిగి ఆగి మళ్ళీ దానంతటదే బాగుపడదు, అనుకుంటూ ఆమె కంట్రోల్ పెట్టె అడుగు అరలోకి తల దూర్చి టార్చి వేసింది, ముప్ఫయ్యేళ్ళ పెట్టె, కన్నపిల్లల కన్నా దీన్నే ఎక్కువ ముద్దు చేశారని అమ్మ నాన్నను దెప్పేది, పోయిన నెల ఈ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యేదాకా దీని తాళంచెవి ఎవరికీ ఇచ్చినవాడు కాదు, ఇచ్చేటప్పుడు కూడా అడుగు అరలో చెయ్యి పెట్టకమ్మా ఎలకలుంటాయి అన్నాడు, వెనక ఫోర్‌మన్ తల తినేస్తున్నాడు, ఏమ్మా ఇంకెంతసేపు, పైనుంచి ఒకటే ఫోన్లు, అయిపోతుంది సార్ అంది గానీ కదల్లేదు, తొందరపడితే తప్పు దొరకదు, కళ్ళను నమ్మకు, మీటర్ని నమ్ము, ఇదీ నాన్న నేర్పిందే.

ఇక మిగిలింది తాడు లైను, కాగితం రోలర్ల పక్కన కట్టిన ఎర్రతాడు, చెయ్యి ఇరుక్కుంటే లాగితే మెషిన్ ఆగే తాడు, దాని దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు తడబడ్డాయి, ఆరేళ్ళయినా అంతే, అన్నయ్య కుడిచెయ్యి నలిగింది అక్కడే, కరెంటు తీసేసి మీటరు కొనలు ఆనిస్తే కీమంది, లైను కలిసే ఉంది, సరే, ఇప్పుడు తాడు లాగితే లైను తెగి ఆ మోత ఆగాలి, ఆపరేటర్ గారూ ఒకసారి లాగండి, మోత ఆగలేదు, లాగారా, లాగానమ్మా, ఇంకోసారి, మోత ఆగలేదు, రెండుసార్లు లాగానమ్మా, గట్టిగానే లాగాను.

రెండుసార్లు లాగాను నాన్నా, గట్టిగానే లాగాను, ఆసుపత్రి మంచం మీద అన్నయ్య అచ్చం ఇలాగే అన్నాడు, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టి, చెంచాతో పాలు తాగిస్తూ నాన్న, లాగి ఉంటే ఆగేదిరా, కంగారులో లాగాననుకుని ఉంటావు, అన్నాడు, తాడు స్విచ్ సరిగ్గానే ఉందని విచారణ కాగితం మీద సంతకం నాన్నదే, నోట్లో నాలుక లేని అన్నయ్య మీద అజాగ్రత్త అని రాసి ఉద్యోగంలోంచి తీసేశారు, ఆమె మాత్రం తక్కువ తిందా, ఒప్పుకుంటే పోయేదేముంది అన్నయ్యా అంది, అప్పుడు ఆమెకేసి ఒక్క చూపు చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ తర్వాత ఇంటికి రావడమే మానేశాడు.

టార్చి ఇంకా లోపలికి వంచితే కనపడింది, జానెడు వైరు, తాడు లాగినా లైను తెగకుండా, స్విచ్‌ని పక్కనపెట్టి ఈ మరమేకునూ ఆ మరమేకునూ కలిపేస్తూ, ఒక మర వదులై ఊగుతోంది, వేలు తగిలిస్తే మోత ఆగింది, వదిలితే కీమంది, పూటకో అలక ఇదన్నమాట, స్విచ్ ఎప్పుడో చచ్చింది, కొత్తది దొరక్క మెషిన్ నడవాలని ఎవరో ఇలా, ఎవరో ఏమిటి, వైరు కొసన నల్లదారం రెండు చుట్లు, పంటితో కొరికిన ముడి, చీటీ, నాన్న గుండ్రటి అక్షరాలు, తాత్కాలికం, కింద తేదీ, అన్నయ్య చెయ్యి పోవడానికి సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు, ముట్టుకున్న ప్రతి వైరుకీ తేదీ రాయాల్సిందే అనే మనిషి, దీనికీ రాశాడు, మర్చిపోయి ఉంటాడు, పాపం పని ఒత్తిడిలో మర్చిపోయి ఉంటాడు, మర్చిపోయినవాడు ఎలకలుంటాయని ఎందుకంటాడు, ఆరేళ్ళు తాళంచెవి మొలకెందుకు కట్టుకు తిరుగుతాడు, ఆ రోజు ఆ చేతిలో చెంచా వణికితే ఆమె దాన్ని ప్రేమ అనుకుంది.

దొరికిందా అయితే ఆ మర బిగించెయ్యమ్మా, నడిచిపోతుంది, అంటున్నాడు ఫోర్‌మన్, నిజమే, అర చుట్టు తిప్పితే చాలు, నడిచిపోతుంది, ఆరేళ్ళు నడిచింది కదా, సాయంత్రం నాన్న గుమ్మంలోనే అడుగుతాడు ఏం తల్లీ ఫాల్టు దొరికిందా అని, ఆమె మర బిగించలేదు, రెండు మరలూ ఊడదీసి వైరును చీటీతో సహా జేబులో పెట్టుకుంది, కొత్త స్విచ్ వచ్చేదాకా ఇది నడవదు సార్ అంది, ఆయన అరుస్తూనే ఉన్నాడు, ఫోన్‌లో అన్నయ్య నంబరు వెతుకుతుంటే వేళ్ళు ఈసారి తడబడలేదు, ఏం చెప్పాలో ఇంకా తెలీదు, నాన్న గురించి అసలే తెలీదు, తెలిసింది ఒక్కటే, అన్నయ్య లాగాడు, రెండుసార్లూ లాగాడు.