బకెట్లో నానిన కవర్లు

ఇస్సాక్ ఇరవై ఏడేళ్ళుగా జెద్దాలో కంపెనీ బండి నడుపుతున్నాడు. ఆ ఊళ్ళోని షరఫియా పేటలో అతని గదిలోకి ఎందరో వచ్చారు, పోయారు. మంచం కింద స్టాంపుల ఆల్బమ్ ఉందని ఒక్కరికీ తెలియదు. చెబితే మాత్రం ఎవడు చూస్తాడు?

అవన్నీ రాయచోటి నుంచి భార్య మదార్బీ రాసిన ఉత్తరాల మీదివి. కవరును బకెట్లో నానబెట్టి, స్టాంపు అంచు పళ్ళలో ఒక్కటీ విరగకుండా ఊడదీసి, పేపరు మడతల్లో ఆరబెట్టేవాడు. కవరు చెత్తబుట్టకు పోయేది. ఉత్తరాల సంచీ ఒకసారి గది మారినప్పుడు పోయింది. రెండేళ్ళ కిందట మదార్బీ కూడా పోయింది.

ఆఫీసులో పనిచేసే ఉదయకిరణ్ ఇక్కడి జాతీయ స్టాంపుల సంఘంలో సభ్యుడు. పనివాళ్ళకు ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలతో సంఘం ప్రదర్శన పెడుతోందని అతనే చెప్పాడు. శుక్రవారం సాయంత్రం ఇస్సాక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. పెళ్ళినాడు కూడా అంత ముస్తాబు కాలేదు మహానుభావుడు. తన ఆల్బమ్ నలుగురూ చూస్తే చాలు, ఇన్నేళ్ళ బతుక్కి ఒక లెక్క ఉన్నట్టే అనుకున్నాడు.

సంఘం పెద్దాయన ఒక్కో పేజీ ఓపిగ్గా తిప్పి, ఇస్సాక్‌కు అందని చదువుకున్నవాళ్ళ అరబ్బీలో ఏదో అడిగాడు.

"స్టాంప్స్ చాలా నీట్‌గా ఉన్నాయంటున్నారు" అన్నాడు ఉదయకిరణ్. "కానీ ఇవన్నీ కామన్ అండీ, ఎక్కడైనా దొరుకుతాయి. ఎగ్జిబిషన్‌కి ఫుల్ కవర్స్ కావాలి. ఎవరు రాశారు, ఏ ఊరి ముద్రలు పడ్డాయి, అంతా కవరు మీదే కదా ఉండేది. అవి ఉన్నాయా?"

"పారేస్తి సార్. స్టాంపే ముఖ్యమనుకుంటి."

పెద్దాయన మళ్ళీ అడిగాడు. అడ్రస్ ఎవరు రాసేవారట.

"నా భార్య సార్."

పెద్దాయన ఆల్బమ్ మూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

వీధిలోకి వచ్చాక ఇస్సాక్‌కు దుఃఖం ఆగలేదు. ఐదో తరగతి చదివిన మదార్బీ, అతని పోస్టుబాక్సు అడ్రస్ రాయడానికే పట్టుబట్టి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది. ఎక్కడో అచ్చేసిన బొమ్మల్ని దాచుకుని, ఆ అక్షరాల్ని తన చేత్తోనే చెత్తలో వేశాడు. అక్కడే నిలబడి కూతురికి ఫోన్ చేశాడు.

"అనమ్, మీయమ్మ రాసిన కాగితం ఇంట్లో యాడన్నా ఉండాదామ్మా? సరుకుల చీటీ అయినా సరే."



"ఎతికి చూస్తాలే నాయనా. ఉండదేమో. అమ్మ రాసిందంతా నీకే గదా."